వర్షాకాలములో ఇంటి తేమ – బూజు నివారణ



తొలకరి పడి నెల తిరుగకముందే పెట్టెలోని చీరలపై నల్లని చుక్కలు, గోడ మూలలందు పచ్చని మరకలు, ఊరగాయ జాడీలో తెల్లని తెట్టు, గదిలోని బస్తాలనుండి ముక్క వాసన – ఇవి మన ఇండ్లలో ఏటేట కనబడునవే. “వానకాలము గదా, తప్పదు” అని చాలమంది సరిపెట్టుకొందురు. కాని దీనిని చాలవరకు తప్పించుకొనవచ్చును. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఇంటిలోనికి నీరు ఏ దారిన వచ్చుచున్నదో, ఏ దారిన బయటికి పోవలెనో తెలిసికొనిన చాలును.

పంటను కళ్ళములో ఎంత శ్రద్ధగా ఎండబెట్టినను, దానిని చెమ్మగదిలో పెట్టిన గింజ మరల తేమను పీల్చుకొనును. కళ్ళములో నాలుగు దినములు పడిన శ్రమ ఇంటిలో నాలుగు వారములలో వ్యర్థమగును. కావున గింజను ఆరబెట్టినట్లే ఇంటిని కూడ ఆరబెట్టుకొనవలెను.

బూజు అనగా నేమి?

బూజు అనగానే కొందరికి సాలెపురుగు గూడు తోచును. ఇచ్చట చెప్పునది అది కాదు. తడిసిన రొట్టెమీద, చెప్పులమీద, గోడమీద నూగువలె పెరుగు శిలీంధ్రమును గూర్చి చెప్పుచున్నాము. ఇది పంటలకు తెగుళ్ళు కలిగించు శిలీంధ్రముల జాతిలోనిదే. దీని విత్తనములు కంటికి కానరానంత చిన్నవి. ఇవి గాలిలో ఎల్లప్పుడును తేలుచుండును. ఏ ఇంటిలోనైనను ఇవి లేకుండ చేయుట ఎవరి తరమును కాదు.

ఈ విత్తనము మొలకెత్తుటకు మూడు కావలెను: ఆహారము, వెచ్చదనము, తేమ. మన ఇంటిలో ఆహారమునకు కొదువ లేదు. బట్టలకు పెట్టిన గంజి, పుస్తకములకు పూసిన మైదా జిగురు, తోలు, కొయ్య, వంటింటి గోడకు పట్టిన జిడ్డు, గింజలు – ఇవన్నియు దానికి ఆహారమే. వెచ్చదనమును మనము ఆపలేము. 25 నుండి 35 డిగ్రీల వేడి దానికి చక్కగా సరిపోవును. మన చేతిలోనున్నది తేమ ఒక్కటియే. పొలములో కలుపు విత్తనము నేలలో ఎంత యున్నను పదును లేనిదే మొలవదు గదా! ఇదియు అట్టిదే.

గాలిలోని తేమ

గాలి కొంత నీటిని ఆవిరి రూపమున మోయగలదు. వేడి గాలి ఎక్కువ మోయును, చల్లని గాలి తక్కువ మోయును. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల వేడిలో సుమారు 30 గ్రాముల నీటిని, 20 డిగ్రీలలో సుమారు 17 గ్రాముల నీటిని మాత్రమే ఇముడ్చుకొనగలదు. గాలి మోయగలిగినదానిలో ఎన్నవ వంతు నీరున్నదో దానినే తేమ శాతమందురు. తేమ 60 శాతము లోపల నున్నచో బూజు పెరుగదు. 70 దాటిన జాగ్రత్త పడవలెను. 75 దాటి కొన్ని దినములు అట్లే యున్నచో బూజు తప్పదు. కోస్తా జిల్లాలలో వర్షాకాలమున బయటి గాలిలోనే తేమ తరచుగా 80 శాతమునకు మించుచుండును. అందువలన కోస్తా రైతు మెట్ట ప్రాంతపు రైతుకంటె ఎక్కువ మెలకువతో నుండవలెను.

ఒక లెక్క చూడుడు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో 36 ఘనపు మీటర్ల గాలి యుండును. 30 డిగ్రీల వేడిలో ఆ గదిలోని గాలి యంతయు కలిసి సుమారు ఒక లీటరు నీటిని మాత్రమే మోయగలదు. అందు ఇదివరకే 60 శాతము తేమ యున్నచో, ఇక అర లీటరునకు తక్కువ నీటితోనే అది పూర్తిగా నిండిపోవును. తలుపులు మూసి, పిండిన నాలుగు బట్టలను ఆ గదిలో ఆరవేసినచో అంత నీరు సులభముగా వచ్చును. బట్టలు ఆరినవని మనము సంతోషింతుము. ఆ నీరు గోడలోనికి, బస్తాలలోనికి పోయినదని గుర్తింపము.

తేమను కనుగొనుట – ఉప్పు పరీక్ష

తేమను కొలుచు చిన్న సాధనములు ఇప్పుడు బజారులో దొరకుచున్నవి. అవి లేనివారికి ఇంటిలోని ఉప్పే చాలును. శుద్ధమైన మెత్తని ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతము దాటగనే చెమ్మగిల్లి కరుగ నారంభించును. బూజు పెరుగుటకు అనువైన తేమయు ఇంచుమించు అదియే. కావున ఉప్పు మనకు ముందుగా హెచ్చరిక చేయును.

ఒక చెంచాడు మెత్తని ఉప్పును పెనముమీద వేడిచేసి, చల్లారిన వెంటనే పొడి పళ్ళెములో పలుచగా పరచి, గదిలో గోడకు దగ్గరగా రాత్రి ఉంచుడు. తెల్లవారి చూచునప్పటికి ఉప్పు తడిసి ముద్దయైనచో ఆ గదిలో బూజుకు చోటున్నదని తెలిసికొనుడు. పొడిగా నున్నచో భయము లేదు. కల్లుప్పు ఈ పరీక్షకు పనికిరాదు. దానిలోని మెగ్నీషియము లవణములు ఇంకను తక్కువ తేమకే చెమర్చును. ప్రతి గదిలోను వేరువేరుగా పరీక్షింపుడు. ఒకే ఇంటిలో వసారా పొడిగా నుండి, కొట్టుగది చెమ్మగా నుండుట సామాన్యము.

లెక్క ఖచ్చితముగా కావలెనన్నచో వాతావరణ కేంద్రములలో చేయునట్లే రెండు థర్మామీటర్లను వాడవచ్చును. ఒకదాని గుండుకు పలుచని నూలు గుడ్డ చుట్టి నీటితో తడుపుడు. రెండింటికిని విసనకర్రతో కొన్ని నిమిషములు విసరి చూడుడు. తడి థర్మామీటరు తక్కువ చూపును. పొడి థర్మామీటరు 30 డిగ్రీల దగ్గర నున్నప్పుడు, రెండింటికి తేడా 3 డిగ్రీలైన తేమ 79 శాతము. 5 అయిన 67. 6 అయిన 61. 8 అయిన 50. తేడా ఎంత ఎక్కువైన గది అంత పొడిగా నున్నదన్నమాట.

ఇంటిలోనికి నీరు వచ్చు దారులు

1. నేల: దీపపు వత్తి నూనెను పైకి పీల్చునట్లు ఇటుక, రాయి, మట్టి గోడలు నేలలోని నీటిని పైకి పీల్చును. గోడ అడుగుభాగమున మోకాలెత్తు వరకు సున్నము పెచ్చులూడి, తెల్లని ఉప్పు పొర కనబడినచో అది నేలచెమ్మయే.

2. కప్పు, గోడలు: జారిన పెంకు, పగిలిన స్లాబు, గోడమీద పడు చూరునీరు, కారుచున్న కుళాయి గొట్టము – వీనివలన ఒకేచోట మరక ఏర్పడి నానాటికి పెరుగును.

3. వంటిల్లు: ఇది చాలమంది గుర్తింపని దారి. వంటగ్యాసు ఒక కిలో కాలినప్పుడు సుమారు ఒకటిన్నర కిలోల నీరు ఆవిరియై పుట్టును. 14.2 కిలోల సిలిండరు అయిపోవునప్పటికి ఇరువది లీటర్లకు పైగా నీరు ఇంటి గాలిలో కలియును. అన్నపు ఎసరు, పాలు, స్నానపు వేడినీరు దీనికి అదనము. పూర్వము పెంకుటిండ్లలో పెంకుల సందులనుండి ఆవిరి పోయెడిది. కట్టెపొయ్యి వేడికి అటకమీది విత్తనపు కంకులు పొడిగా నుండెడివి. నేడు స్లాబు వచ్చినది, అద్దపు కిటికీలు వచ్చినవి. ఆవిరికి దారి మూసికొనిపోయినది. కట్టెల పొగ ఆడువారి కండ్లకు, ఊపిరితిత్తులకు చేసిన కీడు తక్కువది కాదు. కావున పాత పొయ్యికి పోనక్కరలేదు; ఆవిరికి క్రొత్త దారి చూపవలెను.

4. మనుష్యులు, తడిబట్టలు: నలుగురు మూసిన గదిలో రాత్రి నిద్రించిన, వారి ఊపిరి, చెమటలనుండియే ఇంచుమించు ఒక లీటరు నీరు గాలిలో చేరును. తడిబట్టల సంగతి పైన చెప్పితిమి.

5. ఆరని పంట: 15 శాతము తేమతో ఒక క్వింటాలు వేరుశనగ కాయలు ఇంటిలో పోసినచో, అవి 8 శాతమునకు ఆరులోపల ఏడు లీటర్లకు పైగా నీటిని గదిలోనికి వదలును. గది గాలి మోయగలిగినది ఒక లీటరని మరువకుడు.

ఈ విషయము నేను పుస్తకములో చదువుటకు ముందే మా ఇంటిలో నేర్చుకొంటిని. నా చిన్నతనమున ఒక తుపాను వారములో, విత్తనపు కాయలున్న గదిలోనే దండెము కట్టి ఇంటిల్లిపాది బట్టలు ఆరవేసితిమి. జల్లు పడునని కిటికీలు బిగించితిమి. కాయలు పైకి బాగుగనే యుండెను. యాసంగికి ఒలిచి చూచునప్పటికి సగము గింజలు పచ్చని నూగుతో నుండెను. మిగిలినవి విత్తినను మొలక సరిగా రాలేదు. ఆ యేడు మా నాయనగారు విత్తనమును అప్పు చేసి కొనిరి. గదిలో దండెము కట్టినది నేనే.

బూజువలన కలుగు హాని

బట్టలు, పుస్తకములు, కొయ్యసామాను చెడుట అందరికిని తెలిసినదే. బూజు విత్తనములు ఊపిరిలో చేరి ఉబ్బసము గలవారికి, పసిపిల్లలకు దగ్గు, ఆయాసము ఎక్కువ చేయును. అంతకంటె పెద్ద ప్రమాదము గింజలమీది బూజువలన కలుగును.

వేరుశనగ, మొక్కజొన్న, మిరప మొదలగువానిమీద పెరుగు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను పసుపుపచ్చని బూజు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు మరణించినప్పుడు, వానికి పెట్టిన వేరుశనగ చెక్కలో ఈ విషమున్నట్లు కనుగొనిరి. మనదేశములో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామములలో మొక్కజొన్న కోతకు అకాలవర్షములు తగిలినవి. ఆరని కంకులను ఇండ్లలో నిలువచేసి తినిన గిరిజనులకు కామెరలు వచ్చి నూరుమందికి పైగా చనిపోయిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, కారణము బూజుపట్టిన మొక్కజొన్నయేనని తేల్చిరి.

ఈ విషము వండినను, వేచినను పూర్తిగా పోదు. బూజును తుడిచివేసినను గింజలోపల విషము మిగిలియుండును. “మనము తినము గదా, పశువునకు వేయుదము” అనుట కూడ తప్పే. పశువు తినిన విషము కొంత మార్పుతో పాలలోనికి వచ్చును. ఆ పాలు మరల మన బిడ్డలే త్రాగుదురు. కావున బూజుపట్టిన గింజలను ఏరి, పిల్లలకు, పశువులకు, కోళ్ళకు అందకుండ పూడ్చివేయవలెను.

చేయవలసిన పనులు

తొలకరికి ముందు: పెంకులు సరిచేయించుడు. స్లాబు పగుళ్ళు పూడ్పించుడు. చూరునీరు గోడకు దూరముగా పడి, వాలుగా పారిపోవునట్లు ఇంటిచుట్టు కాలువ తీయుడు. గోడకు ఆనించి మట్టి, పేడ, కట్టెలు పోయరాదు. స్నానపు నీరు గోడ ప్రక్కన నిలువరాదు. మట్టి, ఇటుక గోడలకు లోపల సున్నము వేయుట మంచిది. సున్నపు కారమునకు బూజు తేలికగా పెరుగదు. గోడలోని చెమ్మ కూడ బయటికి ఆరిపోవును. చెమ్మయెక్కు గోడకు నూనెరంగు వేసినచో చెమ్మ లోపలనే నిలిచి, రంగు పొక్కులుగా లేచును. క్రొత్త ఇల్లు కట్టువారు పునాది పైభాగమున చెమ్మనిరోధక పొర వేయించుట మరువరాదు; తరువాత వేయుట కష్టము, ఖర్చు.

వంటింటిలో: పొయ్యికి పైన, గోడ పైభాగమున గాలిని బయటికి తోయు పంఖా పెట్టించుడు. అది లేనిచో పొయ్యి ఎదుటి కిటికీని వంట ముగిసిన అరగంట వరకు తెరచియుంచుడు. వంటింటినుండి కొట్టుగదికి పోవు తలుపును వంట సమయమున మూయుడు. గిన్నెలమీద మూతలు పెట్టుడు. గ్యాసు కూడ ఆదా యగును.

కిటికీలు: వాన వెలిసి ఎండ కాసినప్పుడు, ఉదయము 10 గంటలనుండి సాయంకాలము 4 గంటల వరకు ఎదురెదురు కిటికీలు తెరచి గాలి ఆడనిండు. ఒక ప్రక్క మాత్రమే తెరచిన గాలి కదలదు. జల్లు కొట్టు వైపు మూసి, రెండవ వైపు తెరచి యుంచవచ్చును. ముసురు దినములలో విద్యుత్ పంఖా తిప్పుచు, గది మూలలకు గాలి తగులునట్లు చూడుడు.

ఇందు ఒక హెచ్చరిక గలదు. ఎండ తగులని చల్లని గదికి ఈ నియమము వర్తింపదు. బయట 32 డిగ్రీల వేడిలో 65 శాతము తేమ గల గాలి 26 డిగ్రీల చల్లని గదిలోనికి వచ్చి చల్లబడినచో, దాని తేమ 90 శాతమగును. నాపరాళ్ళ నేల చెమర్చుట ఇందువలననే. అట్టి గదిని ఓరగా తెరచి వదలుటకంటె మూసియుంచుటయే మేలు. ఏ.సి. గదికి కూడ ఇదే సూత్రము; ఏ.సి. నడచునప్పుడు తలుపులు మూయుడు, మరీ చల్లగా పెట్టకుడు.

తడిబట్టలు: వసారాలో, చూరు క్రింద, గాలి తగులు చోట ఆరవేయుడు. తప్పనిసరియై గదిలో ఆరవేసినచో కిటికీ తెరచి, పంఖా తిప్పుడు. గింజలున్న గదిలో మాత్రము ఎన్నడును ఆరవేయరాదు. పెట్టెలో దాచు బట్టలకు గంజి పెట్టకుడు. ఎండలో బాగుగ ఆరిన పిదప, వేడి చల్లారనిచ్చి మడతపెట్టుడు.

బీరువాలు, పెట్టెలు: గోడకు జానెడు దూరముగా జరుపుడు. కలరా ఉండలు పురుగును ఆపును గాని తేమను తీయవు. సాంబ్రాణి ధూపము ముక్క వాసనను కప్పును గాని బూజును ఆపదు. మూసిన పెట్టెలో తేమను పీల్చుటకు కాల్చిన సున్నపురాయి పనికివచ్చును. ఒక కిలో సున్నము సుమారు 300 గ్రాముల నీటిని పీల్చి పొడియగును. పొడియగునప్పుడు ఉబ్బును గనుక డబ్బాలో సగము వరకే పోసి, పలుచని గుడ్డ కట్టుడు. దానిమీద నీరు పడరాదు. పిల్లల చేతికి, కంటికి తగులరాదు.

గింజలు నిలువచేయు గది

ముందుగా గింజను సరిగా ఆరబెట్టవలెను. వేరుశనగ కాయలలో తేమ 8 శాతమునకు, మొక్కజొన్నలో 12 శాతమునకు, ధాన్యములో 12–13 శాతమునకు మించరాదు. మొక్కజొన్న, ధాన్యములకు ఇచ్చటను ఉప్పు సాయపడును. పొడి గాజుసీసాలో మూడవవంతు గింజలు పోసి, పెనముమీద ఆరబెట్టి చల్లార్చిన ఉప్పు పిడికెడు వేసి, మూత బిగించి ఒక నిమిషము గట్టిగా కుదుపుడు. పావుగంట తరువాత చూడుడు. ఉప్పు సీసా గోడకు అంటుకొనినచో గింజలో తేమ 15 శాతమునకు మించియున్నది. అంటుకొననిచో అంతకు తక్కువ. అప్పటికిని ఇంకొక రెండు ఎండలు చూపుట క్షేమము. వేరుశనగ కాయను చెవి దగ్గర ఊపిన గింజ గలగల లాడవలెను. గింజను వ్రేళ్ళతో నలిపిన పైపొర ఊడిరావలెను.

బస్తాలను నేలమీద వేయరాదు. కొయ్యబల్లలమీద, గోడకు మూరెడు దూరముగా పేర్చుడు. పదిహేను దినముల కొకసారి అడుగు బస్తాలో చేయి పెట్టి చూడుడు. వేడిగా తగిలినను, ముక్క వాసన వచ్చినను వెంటనే ఎండలో పోయుడు. కోస్తా ప్రాంతమువారు బాగుగ ఆరిన గింజలను మూత బిగువుగానున్న డబ్బాలలో గాని, గాలి చొరని పొరల సంచులలో గాని నిలువచేసినచో గది తేమ గింజను అంటదు. ఆరని గింజను అట్లు మూయరాదు.

పట్టిన బూజును తీయుట

పొడి చీపురుతో దులుపకుడు. విత్తనములు ఇల్లంతయు వ్యాపించును. ముక్కు, నోరు గుడ్డతో కట్టుకొని, కిటికీ తెరచి, సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయుడు. పిదప పంఖా గాలికి చోటును పూర్తిగా ఆరనిండు. గట్టి మరకలకు బ్లీచింగు పౌడరు నీరు వాడవచ్చును. దానితో మరుగుదొడ్డి కడుగు యాసిడ్‌ను గాని, అమ్మోనియా కలిసిన మందును గాని కలుపరాదు. ప్రాణాంతకమైన వాయువు పుట్టును. ఉబ్బసము గలవారు ఈ పని చేయరాదు. కడిగిన చోటనే బూజు మరల వచ్చినచో నీరు వచ్చు దారి ఇంకను మూయబడలేదని తెలిసికొని, దానిని వెదకుడు.

గుర్తుంచుకొనవలసినవి

1. బూజు విత్తనమును ఆపలేము, తేమను ఆపగలము.
2. ముందు ఉప్పుతో పరీక్షింపుడు, తరువాత పని మొదలిడుడు.
3. వంటింటి ఆవిరికి బయటికి దారి చూపుడు.
4. గింజలున్న గదిలో తడిబట్టలు ఆరవేయరాదు.
5. బూజుపట్టిన గింజను మనుష్యులకు గాని పశువులకు గాని పెట్టరాదు.

ఈ రాత్రియే ఒక చెంచాడు ఉప్పును మీ కొట్టుగదిలో ఉంచి చూడుడు. అది తడిసినచో, విత్తనపు బస్తాలను రేపే గోడనుండి జరిపి, ఈ పనులలో మీకు వీలైనదానితో ఆరంభింపుడు.